మేడంకు చెప్పద్దనుకున్న ముచ్చట్లు

కరీంనగర్ మంకమ్మతోటలో, పిల్లల నడవడిక చూసే వందన మేడం గది బయట, ఒక బెంచీ. దాని మీద శ్రీరాంపూర్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన సాయవ్వ, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన, ఆమె కొడుకు పేరు మీద ‘జేమ్స్ బాపూ’ అని పిలిచే పెనిమిటి సీమోను, ఇద్దరి నడుమ నాలుగున్నరేళ్ల మనుమరాలు మహిమ. గది తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆ సంగతి వాళ్లు చూసుకోలేదు.

“ఇటు జూడు. జేమ్స్ బాపూ, ఇటు జూడు! గోడమీది బొమ్మలకు చెప్తున్ననా నేను?”

“ఇంటున్న. జర గట్టిగ చెప్పు.”

“ఇంకెంత గట్టిగ చెప్పాలె! బస్టాండుల బస్సులు ఆగుతయ్. ఏదీ, మొఖం నా దిక్కు పెట్టు. లోపల మేడం అడిగితె పక్కింటి లస్మవ్వ పోరికి దిష్టి తీసిన ముచ్చట ఎత్తకు. సమజైందా?”

“దిష్టి తీసిందా? ఎన్నడు?”

“అయ్యో దేవా! ఎండుమిరపకాయలు తెచ్చిచ్చింది నువ్వే గదా?”

“నేను తొక్కుకు అనుకున్న.”

“ఏడు మిరపకాయలకు తొక్కు ఐతదా?”

“నువ్వు నూరే తొక్కుకు ఐతది. అండ్ల నాకు మిరపకాయ ఎన్నడు తగిలింది?”

“ఇంటికి పోయినంక తగిలిస్త తియ్. పాస్టరుకు తెలిస్తె ఆదివారం ప్రసంగమంత నా మీదనే చెప్తడు. ప్రార్థన జేపిచ్చి వారం తిరగకముందే మిరపకాయలు తిప్పినవా సాయవ్వా అంటడు.”

“మేడం పోయి పాస్టరుకు చెప్తదా?”

“ఏమో. చదువుకున్నోళ్లకు ఎవరెవరు ఎరుకుంటరో మనకేం తెలుసు? చెప్పకు అంటె చెప్పకు. ఇంకోటి. పెండ్లి ముచ్చట గూడ చెప్పకు.”

“గది నేనెందుకు చెప్త?”

“ఎందుకా? వాడకట్టంత చాటింపేసినవ్ గదా, కరీంనగర్ల మా సుట్టాల పెండ్లి అని! పెండ్లికి పోయెటోడు చేతుల సద్ది డబ్బ పట్టుకొని పోతడా? ఎదురింటి అంబదాస్ పెండ్లాం నన్నే అడిగె, ఏం పెండ్లి అవ్వా, అన్నం పెట్టరా అని.”

“మరేం చెప్పాలె? పోరిని పిచ్చి డాక్టరుకు చూపియ్య తీస్కపోతున్నమని చెప్పాల్నా?”

“పిచ్చి డాక్టరు కాదయ్యా! మంచిర్యాల డాక్టరు ఏమన్నడు? ఒంట్ల ఏం లేదు, పిల్లల మనసు చూసే మేడం కరీంనగర్ల ఉన్నది, ఆమెకు చూపియ్యి అన్నడు.”

“దాని మనసుకేమైంది? బంగారమసొంటి మనసు. పోదాం పావే సాయవ్వా. పన్నెండింటికి బస్సున్నది.”

“ఇప్పుడే దిగినం బస్సు! పొద్దటి సంది గిదే పాట. లేవంగనే కడుపునొప్పి అన్నవ్. మంచిర్యాలల దిగినంక చెప్పు తెగింది అన్నవ్. నీకేంది గింత భయం? నిన్నేమన్న ముట్టుకుంటదా మేడం?”

“భయం నాకెందుకు? పిల్లలన్నంక కొరకరా? జేమ్స్‌గాడు చిన్నప్పుడు నా బొటనేలు కొరికిండు.”

“వాడు కొరికింది నీ వేలు. ఇది కొరికింది అంబదాస్ మనుమని ముంజెయ్యి. నాలుగు పండ్లు దిగినయ్.”

“నాలుగే గదా.”

“నవ్వకు! బడి నడిపే ఓంప్రకాశ్ సారు ఏమన్నడో నువ్వు ఇనలే, నేనిన్న. సోమారం దాక టైమిచ్చిండు. ఎవలన్న పెద్ద డాక్టరు తోని కాయితం రాపిచ్చుకొని రావాలె, లేకుంటె బడిల పేరు కొట్టేస్తడట. ఉన్నదే ఒక్క నర్సరీ మన దిక్కు. కోడలు కాన్పుకు ఆసిఫాబాద్ పోయిపాయె. కొడుకు మస్కట్‌ల ఉండె. పోరి పేరు కొట్టేసినంక వాళ్లకేం మొఖం పెట్టుకొని చెప్పాలె నేను? మీ బిడ్డను మంచిగ చూసుకోలేకపోయిన అని చెప్పాల్నా?”

“తాతా! తాతా ఇటు! ఇటు!”

“అగో, మళ్ల గదువ పట్టి మొఖం గుంజె. మెల్లగ పోరీ, ఉన్న మెడ గూడ ఊడుతది తాతకు. ఏం గావాలె?”

“బిస్కీటు.”

“ఇయ్యి బాపూ దానికి. నీ దిక్కే సంచి ఉన్నది. నువ్వు ఇయ్యకుంటె ఇడువదు అది. ఇగ ఆఖరుది. నీ చెవుల ముచ్చట.”

“నా చెవులకేమైంది?”

“ఏం గాలే తండ్రీ, ఏం గాలే. గందుకే మన ఇంట్ల టీవీ పెడితె వాడకట్టంత వార్తలు చూసినట్టే.”

“నువ్వు నోట్లె నోట్లె గొణుగుతవ్, గదీ సంగతి.”

“నేను గొణుగుతనా? అన్నం తినరాయ్యా అని నేను పిలిస్తె మూడిండ్ల అవతలి కుక్క అస్తది, నువ్వు రావు!”

“అవ్వా, లోపలికి రాండ్రి. తాతా, మీరు గూడ. ఒక్కటి మాత్రం సరిగ వినపడలే నాకు. మిరపకాయలు ఏడా, తొమ్మిదా?”

“యేసయ్యా! తలుపు తెరిచే ఉన్నదా?”

“తలుపు మూసినా వినపడేదే అవ్వా. నేను వందనను. రాండ్రి, కూసోండ్రి.”

లోపల ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు ఒక అద్దం, చాప మీద రంగురంగుల చెక్క డబ్బాలు. మహిమ ఎవరూ చెప్పకముందే చాప మీదికి పోయింది.

“ఏడు, బిడ్డా.”

“ఏంది తాతా?”

“మిరపకాయలు. ఏడు.”

“అడిగినదానికల్ల చెప్తనే ఉన్నవా! ఇప్పుడు ఇనవడ్డదా నీకు?”

“ఎందుకు కొట్లాడుతరు, నాకు నవ్వొస్తుంది. చూడుండ్రి, మీరు చెప్పద్దనుకున్నయన్నీ నా కాడ వరుసగ ఉన్నయ్. దిష్టి, పెండ్లి, చెవులు. ఇగ చెప్పాలె అనుకున్నయి చెప్పుండ్రి.”

“ఏం చెప్పమంటవ్ బిడ్డా, నా ఇజ్జత్ పోయింది. పోరి మంచిదే. జూన్‌ల బడిల ఏసినం. మొదటి నెల మంచిగనే పోయింది. తర్వాత టీచరు కంప్లేంట్లు. పిలిస్తె పలుకదట. చెప్పింది చెయ్యదట. అందరు కూసుంటె ఇది నిలవడ్తదట. టీచరు బోర్డు మీద రాస్తుంటె పోయి చెయ్యి పట్టి గుంజుతదట. పక్క పిల్లల చెంపలు పట్టి తన దిక్కు తిప్పుతదట. వాళ్లు నూకేస్తె కొరుకుతదట. టీచరుది గూడ గదువ పట్టి గుంజింది ఒకరోజు. ఆ పిల్ల టీచరు ఏడ్సింది పాపం, కొత్తగ నౌకరికి అచ్చింది.”

“ఏడ్సేటంత ఏమున్నది అండ్ల?”

“నువ్వు ఊకో బాపూ. మొదలు పాస్టరు తోని ప్రార్థన జేపిచ్చిన. తర్వాత... గా మిరపకాయలు. తర్వాత మా వాడకట్టు ఆర్‌ఎంపీ, కడుపుల పురుగులున్నయ్, పండ్లు కొరుకుడు గందుకే అని సిరప్పు ఇచ్చిండు.”

“పురుగులు పోయినయా?”

“పురుగులు పోయినయో లేవో, కొరుకుడు పోలే. ఇగ మంచిర్యాల పోయినం. ఆ డాక్టరు పొట్ట చూసిండు, నాలుక చూసిండు, కండ్లు చూసిండు, నీ పేరు రాసిచ్చిండు.”

“అమ్మ కాన్పుకు పోయి ఎన్ని రోజులైంది?”

“రెండు నెల్లు. పొయ్యేటప్పుడు ఏడ్వనన్న ఏడ్వలే పోరి. చెయ్యూపింది. మరి ఇప్పుడు అమ్మతోని ఫోన్ మాట్లాడుమంటె ఫోన్ ఇసిరికొడ్తది. వాళ్ల బాపు మస్కట్ నుంచి వీడియో కాల్ చేస్తె గదే తీరు. మొన్న జేమ్స్‌గాడు అన్నడు, అవ్వా, నా బిడ్డ నన్ను మర్సిపోయిందే అని. పెద్ద మనిషి బిడ్డా, క్రేన్ నడుపుతడు, ఫోన్ల ఏడ్సిండు.”

“అమ్మ లేదు, బాపు లేడు, చెల్లెనో తమ్ముడో రావట్టె. పిల్లలకు కోపం ఎటు దిక్కు పోవాల్నో తెల్వదు అవ్వా. కొరుకుడు అట్ల గూడ అస్తది. అదొక్కటేనా అన్నది చూడాలె.”

“గంతే గంతే! తల్లి మీద బెంగ. తల్లి అస్తె అంత మంచిగైతది. మేడం మంచిగ చెప్పింది. పా సాయవ్వా.”

“కూసో! చెప్పుడే మొదలువెట్టింది ఆమె!”

“తాతా, ఇంత తొందరనా? నా గది గంత బాగలేదా?”

“గట్ల గాదు బిడ్డా. బస్సున్నది.”

“బస్సులు సాయంత్రం దాక ఉన్నయి. నేను రోజు బస్టాండు మీదికెల్లే అస్త. అవ్వా, ఇప్పుడు మహిమ చాప మీదికెల్లి లేచి మీ దగ్గరికి అచ్చి గదువ పట్టింది చూసిండ్రా? తాతకు గట్లనే, మీకు గట్లనే. మీ ఇంట్ల ఎవరన్న గట్ల చేస్తరా?”

“ఎవరు జేస్తరు, నేనే జేస్త! గీయనతోని మాట్లాడాలంటె ముందుగాల మొఖం తిప్పుకోవాలె. లేకుంటె నేను చెప్పేది చెట్టుకు చెప్పినట్టే. కోడలు గట్లనే చేస్తది, సుట్టాలు గట్లనే చేస్తరు. అచ్చిన సుట్టపోడు మొదలు సీమోను గదువ పట్టుకొని తర్వాతనే బాగున్నవా అంటడు.”

“ఇగో, మరి! మీ ఇంట్ల మాట్లాడాలంటె మొఖం పట్టి తిప్పుకోవాలె. ఆమె బడికి పోయింది. టీచరుతోని మాట్లాడాలె అనుకున్నది. మొఖం పట్టి తిప్పింది. ఆమె తప్పేమున్నది?”

“ఓరి దేవుడా! అంటె రోగం పోరిది కాదు, ముసలోనిది!”

“నా మీదికేనా అచ్చేది ఆఖరికి?”

“నీ మీదికి కాక ఎవల మీదికి అస్తది? ఆ టీచరు పిల్లను ఏడ్పిచ్చింది నువ్వు! నవ్వకు బిడ్డా మేడం, నిజంగనే. నా గుండె మీది బండ దిగింది. మూడు నెలలాయె, నిద్రలేదు నాకు. మంత్రం, మందు, ప్రార్థన అన్ని తిరిగిన. ఇంట్ల గుంజుడు బడిల గుంజింది, గంతే! గీ మాటనే కాయితం మీద రాసియ్యి, ఓంప్రకాశ్ సారు మొఖం మీద కొడ్త.”

“మొఖం మీద కొట్టకుండ్రి, చేతికియ్యుండ్రి. కొంచం ఆగుండ్రి అవ్వా. ఇంకొక్కటి చూడాలె. మాట్లాడాల్నంటె మొఖం తిప్పుతది, సరే. కాని టీచరు పిలిస్తె పలుకదు అన్నరు, ఎందుకు? ఫోన్ ఎందుకు ఇసిరికొడ్తది? మనం ఒక ఆట ఆడుదాం. నేను పోయి మహిమ వెనుక నిలవడ్త. మీరిద్దరు ఏం మాట్లాడద్దు.”

“మేం ఏం మాట్లాడం బిడ్డా. ఇగో, నోటి మీద చెయ్యి పెట్టుకున్న.”

“మహిమా, ఎర్ర డబ్బ నాకియ్యి.”

“ఇగో!”

“శబాష్. మహిమా, పచ్చ డబ్బ ఇయ్యి.”

“ఇగో పచ్చది!”

“చూసినవా బిడ్డా, ఎంత తెలివి పోరికి! వెనుక నుంచి అడిగినా ఎట్ల ఇచ్చింది! బాపూ, నువ్వేంది మూతి గట్ల తిప్పుతున్నవ్, తమలపాకు నములుతున్నట్టు?”

“ఏం లేదే. పన్ను సలుపుతుంది.”

“ఉన్నయే నాలుగు, అండ్ల ఏది?”

“తాతా, జర కుర్చీ తిప్పుకొని గోడ దిక్కు కూసోండ్రి.”

“ఎందుకు బిడ్డా? ఈడ మంచిగనే ఉన్నది.”

“పరీక్షల పక్కోనికి చిట్టీ అందిస్తె సారు ఏం చేస్తడు?”

“నేనేం అందిచ్చిన?”

“నేను వెనుక నిలవడి అడుగుతుంటె ఆమె నా దిక్కు చూస్తలేదు తాతా, మీ దిక్కు చూస్తుంది. మీరు నా మూతి చూసి, సప్పుడు లేకుండ మీ మూతి తోని చెప్తున్నరు. ఎర్రది, పచ్చది అని. ఆమె కండ్లు నాకు అద్దంల కనపడ్తున్నయ్.”

“ఏందయ్యా! మేడం ముంగట దొంగ పరీక్ష రాపిస్తున్నవా పోరి తోని? తిరుగు అటు! పిల్ల ఫస్టు రావాలె అని గంత ఆశనా?”

“తిరుగుత తియ్. తిరుగుత. నూకకు.”

“మంచిది. అవ్వా, మీరు గూడ సప్పుడు చెయ్యద్దు. మహిమా, నీలం డబ్బ ఇయ్యి.”

“...”

“మహిమా. నీలం డబ్బ. ... మహిమా, నా దగ్గర చాక్లెట్ ఉన్నది, కావాల్నా?”

“పోరీ! మేడం పిలుస్తుంది!”

“మీరు పిలిచిండ్రు, గందుకే తిరిగింది అవ్వా. నేను మూడుసార్లు పిలిచిన.”

“ఆటల పడి ఇనలే అది. ఆటల పడితె గంతే.”

“చాక్లెట్ అంటె ఇనని పిల్లను చూసిండ్రా మీరు?”

“ఇంట్ల అంత మంచిగ ఇంటది బిడ్డా. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తది. చెంబు తే అంటె తెస్తది. తాత చెప్పులు తే అంటె తెస్తది.”

“ఇంట్ల మీరు ఎట్ల మాట్లాడుతరు?”

“ఎట్ల మాట్లాడుతం. అందరి లెక్కనే. గీయనకు ఇనవడాలె గనుక జర గట్టిగ... కొంచం ఒర్రుకుంట... అయ్యో.”

“అవ్వా.”

“అయ్యో బిడ్డా. అయ్యో. మేం ఒర్రవట్టి ఇంటుందా అది? ఒర్రకుంటె ఇనవడదా దానికి?”

“ఎంత ఇనవడ్తది, ఎంత ఇనవడ్తలేదు అనేది చెవుల పరీక్ష చేస్తెనే తెలుస్తది. కాని మామూలు మాట ఇనవడ్తలేదు. వెనుక నుంచి అస్సలే లేదు. బడిల టీచరు మెల్లగ మాట్లాడుతది. బోర్డు దిక్కు తిరిగి మాట్లాడుతది. ఈ పిల్లకు అంత గోడనే. మొఖం కనపడితె కొంచం సమజైతది గనుక మొఖం తిప్పుకుంటది. వాళ్లు నూకేస్తరు. కోపం అస్తది, కొరుకుతది. ఫోన్ల మొఖం ఇంత చిన్నగ ఉంటది, మూతి ఆగి ఆగి కదులుతది. బాపు ఏం మాట్లాడుతుండో తెల్వక ఇసిరికొడ్తది. మర్సిపోలేదు అవ్వా.”

“నేను స్నానం పోసిన, నేను జడేసిన, నేను పక్కల పండవెట్టుకున్న. నాకెట్ల తెల్వలే? కొట్టిన గూడ బిడ్డా ఒకరోజు. ఎందుకు పలుకవే అని ఈపుల కొట్టిన.”

“ఏడ్వకుండ్రి. మీ ఇంట్ల ఎట్ల తెలుస్తది, శ్రీరాంపూర్ మొత్తంల గట్టిగ మాట్లాడే ఇల్లు మీదేనాయె. గీ సందు చివర్నే చెవుల పరీక్ష చేసేటామె ఉన్నది, జమున అని. నేను ఫోన్ చేస్త, ఇయ్యాలనే చూస్తది. చెవుల నీళ్లు నిండితె గిట్ల ఐతది, మందులతోని తగ్గుతది. లేదంటె మిషిన్ పెడ్తరు. ఏదన్న గాని దారి ఉన్నది. ఓంప్రకాశ్ సారుకు కాయితం నేను రాసిస్త. ముందటి బెంచిల కూసోవెట్టాలె, మొఖం చూపిచ్చి మాట్లాడాలె అని. పేరు కొట్టెయ్యద్దు అని గూడ రాస్త.”

“సోమారం బడికి పోతదా నా పోరి?”

“పోతది. ఆ పిల్ల టీచరుకు నేనే ఫోన్ చేసి చెప్త. ఒక్కటే నాకు సమజైతలేదు అవ్వా. ఇంత మంచిగ మూతి చూసి మాట పట్టుకునుడు, అంతంత చిన్న పిల్లలకు వాళ్లంతట వాళ్లకు రాదు. ఎవరో రోజు దగ్గర కూసోవెట్టి నేర్పినట్టున్నది.”

“ఎవలు నేర్పుతరు? మాకే తెల్వకపాయె. బాపూ, చాలు ఇగ, ఇటు తిరుగు. గోడను చూస్తనే ఉన్నవ్. జేమ్స్ బాపూ! మహిమా, తాతను తిప్పు బిడ్డా.”

“తాతా. తాతా ఇటు.”

“ఏందయ్యా... ఏడుస్తున్నవా? నీకేం ఇనవడ్డది, ఏడుస్తున్నవ్?”

“ఏం ఇనవడలే. దొరికిపోయిందా బిడ్డా, మేడం?”

“ఏంది తాతా దొరుకుడు?”

“దాని చెవుల సంగతి. ఎరుకైందా నీకు?”

“ఆఁ. ఎరుకైంది.”

“నేనే నేర్పిన.”

“ఏం నేర్పినవ్? ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు?”

“మూతి చూసుడు. రోజు పొద్దుగాల అద్దం ముంగట కూసోవెట్టుకొని నేర్పిన. సప్పుడు లేకుండ చెప్తె అది పట్టుకోవాలె, పట్టుకుంటె బిస్కీటు. ఎవలన్న మొఖం తిప్పుకుంటె గదువ పట్టి నీ దిక్కు తిప్పుకో అన్న. తెల్వకుంటె తెల్వదని చెప్పకు, అందరు నవ్వితె నువ్వు నవ్వు అన్న.”

“నేను చూసిన గదా! తాతా మనుమరాలు అద్దంల కోతుల లెక్క మూతులు తిప్పుకుంటున్నరని నవ్విన గదా నేను! నాకెందుకు చెప్పలే? నీ పెండ్లాన్ని కాదా నేను?”

“చెప్తె నువ్వు డాక్టరు దగ్గరికి తీస్కపోతవ్. డాక్టరు కాయితం రాస్తడు. కాయితం రాస్తె తీసేస్తరు. నాకు తెలుసు గా కాయితం. బాయిల పైకప్పు పడేముందు సప్పుడైతది బిడ్డా, కర్ర ఇరిగినట్టు. గది ఇని ఉరుకాలె. నాకు గది ఇనవడుడు బందైనంక గూడ ఇరువై ఏండ్లు బాయిల దిగిన. ఇనవడదంటె అన్‌ఫిట్ అని రాస్తరు, ఇంట్ల కూసోవెడ్తరు. గందుకే పక్కోని మొఖం చూసుకుంట బొగ్గు కొట్టిన. వాడు ఉరికితె నేను ఉరికిన. ఇరువై ఏండ్లు కంపెనీల ఒక్కనికి దొరకలే. నేను బతికిన గదా గట్ల, ఇది గూడ బతుకుతదనుకున్న. దాన్ని గూడ అన్‌ఫిట్ అని బడిల కెల్లి ఎల్లగొడ్తరని భయమైంది. మంచికే చేసిననుకున్న. మూడు నెలల సంది అందరు దాన్ని తిడ్తుంటె, కొడ్తుంటె, నేను చూసుకుంట ఊకున్న.”

“బాపూ, నిన్నేమనాలె నేను? తిట్టాల్నంటె గూడ నీ మొఖం చూడాలె, చూస్తె తిట్టబుద్ధి ఐతలేదు.”

“తాతా, నా దిక్కు చూడుండ్రి. నా మూతి చూడుండ్రి. బడి బొగ్గుబాయి కాదు. ఈడ పరీక్షల ఫెయిలైతె తీసెయ్యరు, ముందటి బెంచి ఇస్తరు. మీరు నేర్పింది తప్పు కాదు, దాచిపెట్టుడు తప్పు. సమజైందా, లేకుంటె నేను నవ్విననని మీరు నవ్వుతున్నరా?”

“సమజైంది బిడ్డా.”

“అయితె జమున దగ్గర రెండు పేర్లు రాపిస్త. మీది గూడ.”

“రాపియ్యి బిడ్డా, రాపియ్యి! ముందుగాల గీయనకే మిషిన్ పెట్టియ్యి. నా గొంతు సగమైంది ఒర్రి ఒర్రి.”

“ఇగ ఆఖరిది. చీటీ మీద రాయాలె, పాపకు ఎప్పటి సంది ఇనవడ్తలేదు అని. రోజు తెల్వకున్నా మంచిదే, నెల చెప్పినా సాలు. అవ్వా, మీకేమన్న యాదికి ఉన్నదా?”

“నాకేం యాదికుంటది బిడ్డా. బడిల ఏసినంకనే కావచ్చు, జూన్ అని రాసుకో.”

“జూన్ గాదు. క్రిస్మస్ అని రాసుకో బిడ్డా. ఆ రాత్రి ఆరాధనల పాట నడుమల కరెంటు పోయింది. చర్చంత చీకటి. నాకు ఎవ్వల మూతి కనపడలే, నేను పాడుడు ఆపిన. ఇది నా ఒళ్లె కూసున్నది, నా చెయ్యి దీని ఛాతి మీద ఉన్నది. ఇది గూడ ఆగింది, నా చేతికే తెలిసింది. పాట ఐపోయిందేమో అనుకున్న. కరెంటు అచ్చినంక చూస్తె చర్చిల అందరి మూతులు ఆడుతున్నయ్. ఎవ్వలు ఆగలే బిడ్డా, ఆగింది మేమిద్దరమే.”